పదో నెంబరు చెట్టు దగ్గర కుళాయి

నెమలిగట్టు శీతాకాల విహార వనం మేనేజరు గారి సముఖమునకు,
భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా నేలపూడి శ్యాంబాబు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ వనంలో పదో నెంబరు చెట్టు వద్ద స్నానం చేసిన పెద్దమనిషి కారణంగా ఆయన సంఘంపై తీసుకున్న చర్యను రద్దు చేయుట గురించి, అచ్చట తీసివేసిన కుళాయిని తిరిగి పెట్టించుట గురించి.

సూచిక: కార్తీక మాసం మూడో ఆదివారం సాయంత్రం తమ గేటు బోర్డుకు అంటించిన నోటీసు.

పై విషయములో తమకు మనవి చేసుకొనునది ఏమనగా, సదరు నోటీసును నేను కొండ దిగే ఆఖరి బస్సు కోసం నిలబడి చదివితిని. అందులో ఇలా ఉన్నది: “తొమ్మిదో నెంబరు చెట్టు కేటాయించబడిన సంఘం అధ్యక్షులు శ్రీ తటవర్తి వెంకటసుబ్బారావు పదో నెంబరు చెట్టు వద్ద బహిరంగముగా స్నానమాచరించి, తదుపరి స్త్రీల స్వెటరు ధరించి సంచరించి, సందర్శకులకు అసౌకర్యము కలిగించినందున, సదరు సంఘమునకు వచ్చే సీజను నుండి చెట్టు కేటాయించబడదు.”

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. అబద్ధమైతే ఖండించి ఊరుకునేవాణ్ణి. అన్నీ నిజాలే కావడం వల్ల ఇంత పొడుగు అర్జీ రాయవలసి వచ్చింది. ఆ స్వెటరు నాది. అంటే మా ఆవిడది. ఆ స్నానానికి కారణం కూడా నేనే. నేను ఆ సంఘం సభ్యుణ్ణి కాను, కాలేను కూడా. అయినా వారి తరఫున ఈ క్రింది అంశాలు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. నేను, నా భార్య రమాదేవి ప్రతి కార్తీకంలో ఒక ఆదివారం నెమలిగట్టు వచ్చేవాళ్ళం. గోకవరం దాటి ఘాట్ రోడ్డు ఎక్కగానే ఆవిడ సంచీలోంచి రెండు స్వెటర్లు తీసేది. రాజమండ్రి రోడ్డు పక్కన చలికాలంలో వచ్చి అమ్ముకునే వాళ్ళ దగ్గర కొన్నవి. నాది గోధుమరంగు, ఆవిడది ఆకుపచ్చ. మా డెల్టాలో స్వెటరు వేసుకుంటే జ్వరం వచ్చిందా అని అడుగుతారు. కనుక ఏడాదికి ఆ ఒక్కరోజే వాటికి పని. మా యజమాని పల్లంరాజు గారు, “ఏడాదంతా ఐసు దిమ్మల మధ్య ఉంటావు, మళ్ళీ చలి కోసం కొండెక్కడం ఏంటయ్యా శ్యాంబాబూ, కోల్డ్ రూములో కుర్చీ వేయించనా?” అనేవారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

2. అసలు మేము ఇద్దరమే ఎందుకు వచ్చేవాళ్ళమో తమరికి తెలియవలెను. కార్తీకంలో మా వీధిలో ప్రతివారూ ఎవరి సంఘంతో వారు వనభోజనాలకు పోతారు. మాది లూథరన్ చర్చి. మాకు క్రిస్మసు తరువాత పేరుపాలెం బీచికి పిక్నిక్ ఉంటుంది. రమాదేవిది పెనుగొండలో వ్యాపారస్థుల కుటుంబం. నన్ను చేసుకున్న రోజు నుంచి వాళ్ళ బస్సులో ఆవిడకు సీటు లేదు. మా చర్చి బస్సులో సీటు ఉండేది గానీ, “బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంటావమ్మా?” అని పులిహోర వడ్డిస్తూ ఒకరు, మజ్జిగ పోస్తూ ఇంకొకరు అడిగేవారు. ప్రేమతోనే అడిగేవారు. మూడోసారి తరువాత ఆవిడ, “మనిద్దరమే ఒక సంఘం పెట్టుకుందామండి” అంది. ఆవిడ అధ్యక్షురాలు, నేను కార్యదర్శి. ఏటా ఉసిరిచెట్టు కింద, అన్నాలు తిన్నాక, ఆవిడ ఏకగ్రీవంగా మళ్ళీ ఎన్నికయ్యేది. అది తమ పదో నెంబరు చెట్టు.

3. రమాదేవి నిరుడు ఆషాఢంలో పోయింది. నిరుడు కార్తీకానికి నేను రాలేదు. ఈ ఏడు వచ్చాను. ఎందుకు వచ్చావంటే చెప్పలేను. బీరువాలో రెండు స్వెటర్లూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఒకటి తీయబోతే రెండోది కూడా చేతిలోకి వచ్చింది, రెండూ సంచీలో వేసుకున్నాను.

4. వచ్చి చూస్తే తమరు విహార వనాన్ని బాగా అభివృద్ధి చేసియున్నారు. సంతోషం. అయితే ఒంటరిగా వచ్చినవాడికి అందులో చోటు లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ పోతురాజు, “సంఘం పేరేంటండి?” అన్నాడు. లేదన్నాను. “చెట్లు సంఘాలకేనండి. పాతికమంది ఉండాలి. విడిగా వచ్చినోళ్ళు వ్యూ పాయింటు బెంచీల మీద కూకోవాలి” అన్నాడు. వ్యూ పాయింటు ఉసిరి తోపుకి అటు చివర కొండ అంచున ఉన్నది. బొంగు చికెన్ ఒక్కరికి సరిపడా ఇవ్వరట, బొంగు బొంగంతా తీసుకోవాలి. చెరువులో తొక్కుడు పడవ ఎక్కుదామని వెళితే, ఒక్కడివైతే పడవ ఒరిగిపోతుందని పడవ అతను పక్క సీటులో ఇసుక బస్తా పెట్టి, దానికి కూడా లైఫ్ జాకెట్ తొడిగి ఫొటో తీస్తానన్నాడు. నవ్వించడానికే చేశాడు. నేనూ నవ్వాను. చెరువు మధ్యకి వెళ్ళాక ఆ బస్తా వైపు చూసి తొక్కడం ఆపేశాను, అతను తాడు వేసి లాక్కువచ్చాడు.

ఇట్టి వసతులు ఒంటరివారి కోసం ఏర్పాటు చేయవలెనని నేను కోరడం లేదు. ఎంత మంది ఒంటరిగా వస్తారు గనక. జరిగింది జరిగినట్టు చెప్పాలి కాబట్టి రాశాను.

5. పడవ దిగి గేటు వైపు తిరిగి వస్తుండగా ఒక బస్సు ఆగి జనం దిగారు. వారి మధ్య ఇరుక్కుపోయాను. ఒక అమ్మాయి అందరి జేబులకీ పసుపు రిబ్బను పిన్ను గుచ్చుతూ వచ్చి నాకూ గుచ్చింది. “లోపలికి పదండి అంకుల్, టిఫిన్లు చల్లారిపోతున్నాయి” అంది. నేను మీవాణ్ణి కాదని చెప్పవలసింది. చెప్పలేదు. చెబితే వ్యూ పాయింటుకు పంపుతారు. వారు వెళ్ళేది తొమ్మిదో చెట్టుకని పోతురాజు అరుస్తున్నాడు. తొమ్మిది పక్కన పది. కనీసం పక్క నుంచి చూసినట్టుంటుందని వారి వెంట నడిచాను. ఈ విషయంలో చర్య తీసుకోదలిస్తే నాపై తీసుకోవలెను.

6. తొమ్మిదో చెట్టుకు వారి బేనరు కట్టి ఉన్నది. పైన వాసవీ అమ్మవారు, కింద అధ్యక్షుల వారు. ఇన్నేళ్ళూ పక్క చెట్టు కింద కూర్చుని కూడా నేను ఆ బేనరు ఎన్నడూ చదవలేదు. మేము కొండల వైపు తిరిగి, వారికి వీపు పెట్టి కూర్చునేవాళ్ళం. అలా కూర్చోవడం రమాదేవి పెట్టిన నియమం. ఆ రోజు మొదటిసారి చదివాను. “పెనుగొండ. ప్రతి ఏటా కార్తీక మాసం మూడో ఆదివారం.” అధ్యక్షుల ఇంటిపేరు తటవర్తి. పెళ్ళికి ముందు మా ఆవిడ ఇంటిపేరు అదే.

అయ్యా, ఏ ఆదివారం వెళదామని నేను అడిగితే, “మూడో ఆదివారమండి, అప్పటికి చలి బాగా పడుతుంది” అని ఏటా ఆవిడే చెప్పేది. నేను నమ్మాను. చలి సంగతి నాకంటే ఆవిడకు ఎక్కువ తెలుసనుకున్నాను.

7. భోజనాలకు ముందు వారికి ఒక పద్ధతి ఉన్నది. మైకు చేతులు మారుతుంది. ప్రతివారూ లేచి పేరు, ఊరు, ఎవరి తాలూకో చెప్పాలి. ఆ ఏడాది ఆ ఇంట్లో పుట్టినవారు, పెళ్ళయినవారు, పోయినవారు ఉంటే అదీ చెప్పాలి. చెట్టుకు కట్టిన హారన్‌లోంచి అదంతా తోపు మొత్తం వినపడుతుంది. ఇన్నేళ్ళూ నాకు అది ఉత్త రొద. ఐసు ఫ్యాక్టరీ కంప్రెసర్ల హోరుకి నా చెవులు ఏనాడో మందగించాయి. చలికని, రొదకని చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేవాణ్ణి. “వెధవ హారను సరిగ్గా మన నెత్తినే పెట్టారు, ఆఫీసులో కంప్లైంటు ఇస్తాను” అని ఏటా లేచేవాణ్ణి. “పోనీలెండి, వాళ్ళ సరదా వాళ్ళది” అని ఏటా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది.

ఆ రోజు వారి మధ్య కూర్చుంటే మాట మాటా వినపడింది. ఫలానావారి కోడలికి కవలలు. ఫలానావారి అబ్బాయికి బ్యాంకులో ఉద్యోగం. అప్పుడు నాకు అర్థమైంది, ఆవిడ చలి కోసం రాలేదని. ఏడాదికొకసారి తనవాళ్ళ సంగతులు వినిపోవడానికి వచ్చేదని. ఇద్దరి సంఘం ఆవిడకు సరిపోయిందని నేను గర్వంగా ఉండేవాణ్ణి. సరిపోలేదు. ఆ సంగతి నాతో ఒక్క ఏడు కూడా అనలేదు. ఆ క్షణంలో నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. ఎవరితో చెప్పుకోను.

8. మైకు నా దగ్గరికి వచ్చింది. తెచ్చిన అమ్మాయి పిన్ను గుచ్చిన అమ్మాయే, సాయిప్రసన్న. అధ్యక్షుల వారి కుమార్తె. నా పేరు చెబితే ఎలా ఉంటుందో తమరు ఊహించగలరు. నిలబడి మైకు అటూ ఇటూ తిప్పుతున్నాను. అవతల స్టేజీ మీద ఇంకో మైకులో అధ్యక్షుల వారు మర్యాదగా, “తమరు ఎవరి తాలూకు అండి?” అన్నారు.

“రమాదేవి తాలూకు అండి” అన్నాను.

ఏ రమాదేవి అని ఎవరో అడిగారు. “తటవర్తి వారి అమ్మాయి. నిరుడు ఆషాఢంలో పోయింది” అన్నాను. పోయినవారి సంగతి చెప్పడం వారి పద్ధతే కదా. హారను నా మాటనే కొండకేసి కొట్టి మళ్ళీ నాకు తెచ్చింది. పోయింది అన్న మాట రెండుసార్లు విన్నాను. అధ్యక్షుల వారు మైకులో, “తరువాతి వారు” అన్నారు. అని మైకు పక్కవారికి ఇచ్చి స్టేజీ దిగి వెళ్ళిపోయారు.

నాకు తగిన శాస్తి జరిగిందనుకున్నాను. రిబ్బను పీకి జేబులో పెట్టుకుని బయటికి నడిచాను.

9. ఇక తమ నోటీసులోని ముఖ్యాంశం. నేను బయటికి వచ్చేసరికి వెంకటసుబ్బారావు గారు పదో చెట్టు దగ్గర, తమరు కొత్తగా పెట్టించిన గుండె బొమ్మ సెల్ఫీ పాయింటు చుట్టూ తిరుగుతున్నారు. దేనికోసమో నేల చూస్తున్నారు.

“ఇక్కడ కుళాయి ఉండాలి కదండి?” అన్నారు నన్ను చూసి.

“తీసేశారండి. సెల్ఫీ పాయింటు కోసం” అన్నాను.

ఆయన గబగబా వెళ్ళి టిఫిన్ల దగ్గరున్న మంచినీళ్ళ టిన్ను ఎత్తుకొచ్చారు. మూత తీసి, పట్టు లాల్చీతో, చేతి వాచీతో, అలాగే తలమీద కుమ్మరించుకున్నారు. పోతురాజు విజిలు ఊదుకుంటూ వచ్చి, “ఇక్కడ తానాలు చేయకూడదండి” అన్నాడు. ఆయనకు వినపడలేదు. నాకూ ముందు అర్థం కాలేదు. మతి పోయిందేమో అనుకున్నాను. మా వాళ్ళలో ఆ ఆచారం లేదు. వెనకాలే పరుగెత్తుకొచ్చిన సాయిప్రసన్న చెప్పింది: “దగ్గరవాళ్ళ చావు కబురు వింటే, విన్నచోటే కట్టుబట్టలతో తలమీద నీళ్ళు పోసుకోవాలండి. ఏడాది దాటాక తెలిస్తే మైల పట్టరు, స్నానం ఒక్కటే.” కనుక అది విహారార్థం చేసిన స్నానం కాదని గమనించవలెను.

10. ఆ మాట వినగానే నేను కుళాయి పూర్వం ఉన్నచోటు వైపు తిరిగాను. దానికి కారణం ఉన్నది.

కొన్నేళ్ళ కింద ఒక కార్తీకంలో, అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ రమాదేవి లేచింది. ఆ కుళాయి దగ్గరికి వెళ్ళి, తిప్పి, చీరతో, స్వెటరుతో దాని కింద కూర్చుంది. ఆ రోజు మధ్యాహ్నమైనా మంచు విడలేదు. నీళ్ళు ఐసు కంటే తక్కువ కాదు, ఐసు సంగతి నాకు తెలుసు. నేను పరుగెత్తి కుళాయి కట్టేసి, నలుగురూ చూస్తుండగా ఆవిడ మీద కేకలేశాను. “ఏం చేస్తున్నావు, పిచ్చి పట్టిందా?” అన్నాను. పళ్ళు టకటకలాడుతూ, “చలి ఎంతుందో చూద్దామనండి” అంది. బస్సులో దారి పొడుగునా ఒణుకుతూనే ఉంది. వారం రోజులు జ్వరం. ఆ మాట చెప్పి నేను ఫ్యాక్టరీలో అందరినీ నవ్వించాను.

వెంకటసుబ్బారావు గారు ఆ ఉసిరిచెట్టు మొదట్లో, నీళ్ళోడుతూ కూర్చుని చెప్పారు. “నాన్నగారు పోయిన ఏడు మైకులో నేనే చెప్పానండి. రెండుసార్లు చెప్పాను. అక్క లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. హమ్మయ్య, వినపడింది అనుకున్నాను.”

“మీకు తెలుసా, తను ఇక్కడ కూర్చుంటుందని?” అన్నాను.

“ఆకుపచ్చ స్వెటరు కనపడేది కదండి. ఒక ఏడు ఇదే కుళాయి దగ్గర ఎదురుపడ్డాం. తను చూసింది, నేనూ చూశాను. పక్కన నాన్నగారున్నారు. ఆ మరుసటి ఏటి నుంచి హారను ఇటు తిప్పి కట్టించాను. మావాళ్ళు తిట్టేవారండి, మనకి వినపడకుండా కొండలకి వినిపిస్తావేంట్రా అని. ఆయన పోయాక వచ్చి పలకరించొచ్చు. అప్పటికి మాట్లాడే అలవాటు తప్పిపోయింది. నిరుడు స్వెటరు కనపడలేదు. కీళ్ళనొప్పులేమో, కొండ ఎక్కలేకపోయిందేమో అనుకున్నాను. హారను మాత్రం ఇటే ఉంచాను.”

అయ్యా, ఆ హారను మీద నేను ఎన్ని తిట్లు తిట్టానో దేవుడికి తెలుసు. పక్కన దూది పెట్టుకుని కూర్చున్నవాడికి తప్ప అందరికీ అన్నీ తెలుసు.

11. స్వెటరు విషయం. ఆయన ఒణుకుతున్నారు. నా స్వెటరు నేను వేసుకుని ఉన్నాను. సంచీలో ఉన్నది ఆకుపచ్చది. ఇచ్చాను. భుజాల దగ్గర బిగుతైనా ఎలాగో తొడుక్కున్నారు. “ఏ వైపు తిరిగి కూర్చునేది?” అని అడిగారు. చూపించాను. అలాగే తిరిగి, తన సంఘానికి వీపు పెట్టి, నా పక్కన కూర్చున్నారు. వెనక మైకులో ఎవరో మనవరాలి పేరు చెబుతున్నారు. ఇద్దరం విన్నాం. ఇది తమ నోటీసులో “స్త్రీల స్వెటరు ధరించి సంచరించి” అని ఉన్నది. సంచరించలేదు. కూర్చున్నారు. బస్సు దగ్గరికి మాత్రం అలాగే నడిచి వెళ్ళారు.

వెళ్ళేటప్పుడు ఆయన, “వస్తానండి బావగారూ” అన్నారు. ఆ మాటతో నన్ను ఆవిడ వైపు వారెవరూ పిలవగా అంతకుముందు వినలేదు. మంచిదండి అన్నాను. ఆయన నా నెంబరు అడగలేదు, నేను ఆయన నెంబరు అడగలేదు. బస్సులోంచి ఎవరూ రమ్మనలేదు, అందులో వింత కూడా లేదు. భీమవరం నుంచి పెనుగొండ ఎంత దూరం, ఒక బస్సు ఎక్కితే పోయేదానికి కొండెక్కడం ఎందుకు అని తమరు అనవచ్చును. బస్సు ఎక్కి వెళ్ళగలిగేదే అయితే ఆవిడే ఏనాడో వెళ్ళి ఉండేది. నేను వెళ్ళి ఆ ఇంటి తలుపు ఏమని కొట్టను? ఆయన మా గుమ్మంలోకి ఏమని వస్తారు? మేమిద్దరం మళ్ళీ ఎదురుపడే అవకాశం ఉన్న చోటు లోకంలో తమ పదో నెంబరు చెట్టు ఒక్కటే. వచ్చే కార్తీకం నుంచి ఆ సంఘానికి చెట్టు లేదని తమరు అంటే, అదీ పోతుంది. రమాదేవి గురించి ఒక్క మాట మాట్లాడుకోవడానికి ఈ భూమి మీద నాకు ఇంకెవరూ లేరు.

కావున తమరు దయయుంచి,

తొమ్మిదో చెట్టు సంఘంపై తమ ఉత్తర్వును రద్దు చేయవలెను. స్నానం నేరమైతే, కబురు తెచ్చినవాణ్ణి నేను. నన్ను ఆ వనంలోకి రానివ్వకపోయినా ఫరవాలేదు, గేటు బయట నిలబడతాను.

సెల్ఫీ పాయింటును పక్కకు జరిపి కుళాయిని పూర్వం ఉన్నచోట పెట్టించవలెను. ఎవరికి ఎప్పుడు ఏ కబురు తెలుస్తుందో చెప్పలేము. నీళ్ళు దగ్గర్లో ఉండాలి.

పదో నెంబరు చెట్టును కార్తీకం మూడో ఆదివారం మా సంఘానికి కేటాయించవలెను. పాతికమంది ఉండాలని తమ నిబంధన. మా సంఘంలో మొదటి నుంచీ ఇద్దరమే. ప్రస్తుతం అధ్యక్ష పదవి ఖాళీగా ఉన్నది. భర్తీ చేసే ఉద్దేశం లేదు.

విసుగు చెందక, చివరిదాకా చదివి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
నేలపూడి శ్యాంబాబు
(రమాదేవి తాలూకు)

తా.క. పైన అడిగినవి ఏవీ కుదరకపోతే ఒక్కటి చేయండి. వచ్చే ఏడు ఆ సంఘం వారు ఏ చెట్టు కింద కూర్చున్నా, హారను పదో చెట్టు వైపే కట్టనివ్వండి. నాకు చెవులు మందం గనక గట్టిగానే పెట్టమనండి. దూది ఇక తెచ్చుకోను. నేను అడిగానని వారితో చెప్పనక్కరలేదు. పదో చెట్టు అంటే చాలు, ఆయనకు తెలుస్తుంది.